రోజుల లెక్క రాసినవాళ్ళు

శుక్లాల ఆపరేషన్ వద్దంటే వద్దని సుబ్బమ్మ భీష్మించుకుంది. ఫోన్‌కి ఎవరో పంపిన వీడియోలో, వచ్చే నెల లోకం అంతమవుతుందని పూర్వకాలపు యూదుల గ్రంథాల్లో లెక్క కట్టి ఉందని చెప్పారట.

"పోయే లోకాన్ని చూడ్డానికి కొత్త కన్నెందుకమ్మాయ్?" అంది భువనతో.

బుకిట్ బటోక్‌లో భువనది ఎదురు ఫ్లాట్. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చిన భువనను, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన డెబ్బై తొమ్మిదేళ్ళ సుబ్బమ్మ కూతురిలా చూసుకుంటుంది. ఎంత చెప్పినా వినకపోయేసరికి భువన తన స్నేహితురాలు ప్రసన్నలక్ష్మికి ఫోన్ చేసింది. ప్రాచీన యూదుల రాతల మీద ఆమెది పదేళ్ళ పరిశోధన.

"అదంతా ఫేక్ అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళవే, ప్లీజ్!"

శనివారం పొద్దున వచ్చిన ప్రసన్న ఆ ముక్క చెప్పలేదు. వీడియో మొత్తం చూసి, సుబ్బమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఆంటీ, రెండు వేల రెండొందల ఏళ్ళ కిందట ఒక పరాయి రాజు యూదుల గుడిని మైలపరిచాడు. ఆచారం పాటించినవాళ్ళని చంపించాడు. అప్పుడు వాళ్ళు రాజ్యాల్ని మృగాలుగా చేసి రాశారు. ఒక్కో మృగం లేస్తుంది, ఊళ్ళు మింగుతుంది, చివరికి దేవుడి ముందు కూలుతుంది. భయపెట్టడానికి కాదు ఆంటీ, భయపడుతున్నవాళ్ళకి ధైర్యం చెప్పడానికి రాశారు."

"మరి రోజుల లెక్క?"

"వేశారు. ఆ రోజులు దాటిపోయాయి. ఇంకొన్ని కలిపి మళ్ళీ రాశారు."

"అంటే తప్పిందన్నమాట."

"తప్పింది. అయినా తోలు మీద రాసిన ఆ చుట్టలు పారేయలేదు. తరతరాలుగా చేత్తో ఎత్తి రాసుకుంటూనే ఉన్నారు."

ఉన్నదున్నట్టు ఒప్పుకున్న స్నేహితురాలిని భువన అబ్బురంగా చూసింది. సుబ్బమ్మ తన ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"యుద్ధంలో జపాన్ వాళ్ళు ఈ ఊరిని ఆక్రమించుకున్న కాలంలో మా అమ్మ కర్రపెండలం ఉడకబెట్టి పెడుతూ, వచ్చే పున్నమికి వీళ్ళు పోతారని మా అన్నలకి చెప్పేదట. మూడున్నరేళ్ళు అలాగే చెప్పింది. ఒక్క పున్నమి కూడా నిజం కాలేదు. మా అన్నలు మాత్రం అమ్మ అబద్ధం చెప్పిందని ఏనాడూ అనలేదు."

ప్రసన్న కళ్ళు చెమర్చాయి. "ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు ఆంటీ."

ఆ రాతలు నా కళ్ళతో చూడాలంటూ సుబ్బమ్మ తనే ఒప్పుకుంది. ఆ గురువారం భువన సెలవు పెట్టి సుబ్బమ్మను ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది. కట్టు విప్పాక వచ్చిన శనివారం, ప్రసన్న ఫోన్‌లోని పాత తోలుచుట్ట ఫొటోను సుబ్బమ్మ దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం చూసింది.

"ఎంత పొందికగా రాశాడు! ఎవరమ్మా ఈయన?"

"తెలీదు ఆంటీ. వాళ్ళు సొంత పేర్లు పెట్టుకోలేదు. పాతకాలపు పెద్దల పేరు మీద రాసేవారు."

"ప్రాణాలకి తెగించి రాసి, పేరు కూడా ఉంచుకోలేదా!" అంది సుబ్బమ్మ. ఫోన్ రెండు చేతులా పట్టుకుని తిరిగిచ్చింది. "మకాన్ చేసి వెళ్ళు తల్లీ, అన్నం వడ్డిస్తాను. వచ్చే వారం మిగతాది చదివి చెబుదువుగాని."