అద్దాల గోడ దాటిన ఊయల

“సరిగ్గా చూశారా? సందేహం లేదుగా? అయితే మూడో స్థానం ఖాయం. మా ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు తక్కెడాయన ఫోన్లో.

వంటగదిలో మిక్సీ గోల. ఆ గోల దాటి అత్తగారి చెవిలో పడేసరికి స్థానం కాస్తా సంతానమైంది.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మూడో సంతానం! ఎవరికీ చెప్పలేదన్నాడు కనక అల్లుణ్ణి అడగడం మర్యాద కాదు. ఆవిడ అడగలేదు. కొడుక్కి ఫోన్ చేసి చెప్పింది. “నీకు తెలీనట్టే ఉండరా” అని కూడా చెప్పింది. నోరు మూసుకోమని చెప్పడానికి నోరు తెరవడం ఆవిడకి అలవాటే.

తక్కెడాయన అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. అతని ఉద్యోగమే తూచడం. ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలని పరీక్షించి ర్యాంకులిస్తాడు. అవి చూసే ఆస్పత్రులు కొంటాయి. చిక్కల్లా పక్క హాల్లో ఉంది. అక్కడివాళ్ళు అవే కంపెనీలకి సలహాలు అమ్ముతారు. మధ్యలో గోడ ఉంది, కాదనలేం. అద్దాల గోడ. ఈ పక్క నమ్మకం, ఆ పక్క అమ్మకం. “నమ్మకంలోంచి నకారం తీసేస్తే మిగిలేది అమ్మకమే” అంటుంటాడు తక్కెడాయన. కాదనడం చేతకానినాడు తన తక్కెడకి విలువ లేదని అతని బాధ.

మూడో స్థానం వచ్చిన కంపెనీలో ప్రచారం చూసేది అత్తగారు ఫోన్ చేసిన ఆ కొడుకే, అంటే స్వయానా బావమరిదే. ఆ సంగతి అతను చేరిననాడే తక్కెడాయన పైవాళ్ళకి రాసిచ్చి, తన మార్కుల్ని ఇంకొకరు సరిచూసేలా ఏర్పాటు చేయించుకున్నాడు. పొద్దున ఫోన్లో మాట్లాడింది ఆ సరిచూసే మనిషితోనే.

ఆఫీసులో అడుగు పెట్టగానే అమ్మకాల పెద్ద అద్దాల తలుపు తోసుకుని వచ్చాడు.

“గురువుగారూ, మూడుని రెండు చేయలేరా? ఎంత దూరమని?”

“రోగికీ మందుకీ ఉన్నంత. పడని మందు రాస్తే హెచ్చరించే సౌకర్యం ఉందని ప్రకటనల్లో ఊదరగొట్టారు. తీరా తెరిచి చూస్తే అది వచ్చే విడతలో వస్తుందట.”

“వస్తుందంటున్నారుగా!”

“అది వచ్చాక నేనూ రెండుకి వస్తా.”

“వాళ్ళు సలహాల ఒప్పందం మానుకుంటే మీ హాల్లో కుర్చీలు తగ్గుతాయి. ముందు పోయేది మీదే.”

“పోనీలే, ఎక్కడో ఒకచోట నాకూ మొదటి స్థానం దక్కింది.”

నవ్వేసి, సంగతి డైరెక్టరుగారి దాకా తీసుకెళ్ళాడు. డైరెక్టరుగారు “రేపు ఆ కంపెనీవాళ్ళతో మాట్లాడాక మళ్ళీ ఆలోచిద్దాం” అన్నారు. పెద్దవాళ్ళు మళ్ళీ ఆలోచిద్దామన్నారంటే ఆలోచించడం అయిపోయిందన్నమాట.

మర్నాడు రిసెప్షన్‌లో ఊయల దిగింది. నగిషీల కర్ర, నీలం రిబ్బను, ఆ కంపెనీ ముద్ర ఉన్న కార్డు. ‘మీ మూడో ఆనందానికి’ అని రాసుంది.

“ఏమిటయ్యా ఇది?” అన్నారు డైరెక్టరుగారు.

“ఊయలండి.”

“కనపడుతోంది. ఎవరికి?”

“అదే నాకూ అంతుపట్టట్లేదండి. కానీ వచ్చింది మాత్రం కానుకే. మన నియమం గుర్తుందా?”

గుర్తులేకేం? ఓ పెన్నుల పెట్టె గొడవప్పుడు ఆయనే రాశారు. ర్యాంకులు ప్రకటించకముందు ఏ కంపెనీ కానుక పంపినా తిప్పి పంపాలి. ఆ మాట రిపోర్టులో అచ్చు వేయాలి. ఆ విడతకి దాని ర్యాంకు దించవచ్చు, పెంచకూడదు.

డైరెక్టరుగారు ఊయల చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. సొంత నియమాన్ని సొంత చేత్తో తుడిచేస్తే అచ్చులో ఏం కనిపిస్తుందో ఆయనకి తెలుసు. “సరే. మూడంటే మూడే,” అన్నారు. అమ్మకాల పెద్ద ముఖం మాడింది. ఊయల రాకతో ఊగిసలాట ఆగింది.

కాసేపటికి వీడియో కాల్. తెర మీద ఆ కంపెనీ పెద్దమనిషి, పక్కనే పళ్ళికిలిస్తూ బావమరిది.

“శుభాకాంక్షలండీ! ఊయల అందిందా? ముందే పంపాం!” అన్నాడు పెద్దమనిషి.

“మీరన్నీ ముందే పంపుతారు, ఆ మందుల హెచ్చరిక తప్ప. ఇంతకీ ఊయల దేనికండీ?”

“బావా, దాచకు. అమ్మ చెప్పింది. మూడో సంతానమటగా!”

తక్కెడాయన నోరు తెరిచేలోపు అతని ఫోన్ మోగింది. భార్య. కంగారులో వేలు స్పీకరు మీద పడింది.

“ఏమండీ, నేను మళ్ళీ తల్లిని కాబోతున్నానని ఇప్పుడే అమ్మ చెప్పింది. నాకెప్పుడు చెబుదామనుకున్నారు?”

గదిలో అందరూ గొల్లున నవ్వారు. డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తక్కెడాయనకి నిన్నటి మిక్సీ గోల గుర్తొచ్చింది.

“అందరూ వినండి. మీ అమ్మగారికి కూడా ఇచ్చి వినిపించు,” అన్నాడు భార్యతో. “నేను ఫోన్లో అన్నది మూడో సంతానం కాదు, మూడో స్థానం. సంతానం మాది, ఇద్దరే. స్థానం మీ తమ్ముడి కంపెనీది, మూడే. ఈ ఊయల పుణ్యమా అని ఈ విడతకి పెరిగేది కూడా లేదు.”

తెర మీద పళ్ళు లోపలికి పోయాయి. పెద్దమనిషి గొంతు సవరించుకుని, “ఆ హెచ్చరికేదో పూర్తిచేసి వస్తాం, అప్పుడు మళ్ళీ తూచండి,” అన్నాడు.

ఫోన్లోంచి అత్తగారి గొంతు: “స్థానమా! మిక్సీ ఆగాక చెప్పొచ్చుగా అల్లుడుగారూ! మరి మొదటి స్థానం ఎవరికి?”

“అది మాత్రం మీకు చెప్పను అత్తయ్యగారూ,” అన్నాడు తక్కెడాయన.