బుధవారం చెవులు

నేను ఒక మైకుసెట్టును. చేత్తో మోసుకెళ్లగలిగేంత నల్లటి పెట్టె, దానికి తీగతో వేలాడే మైకు, అంతే నా ఆకారం. ఒక ఇరుకు సందులోని రేడియో రిపేరు కొట్టులో పుట్టాను. నన్ను బిగించిన మేస్త్రీ స్విచ్చి వేసి "హలో హలో" అన్నాడు. తర్వాత నన్ను కొన్న ప్రతివాడూ అదే మాటతో మొదలుపెట్టాడు. అవతల ఎవరూ బదులు పలకకపోయినా మనుషులు చిన్నబుచ్చుకోరు.

మొదట పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే వ్యాపారి సైకిలు మీద ఊరూరా తిరిగాను. అతను ఆ పని మానేశాక, వార్డు ఎన్నికల్లో నిలబడిన ఒకాయన నన్ను ఆటోకి కట్టించాడు. ఆయన ఓడిపోయాడు. నన్ను చూస్తే కడుపు రగులుతోందని ఊళ్లోని ప్రభుత్వాసుపత్రికి దానం చేశాడు. ఇచ్చేముందు మాత్రం నా ఒంటినిండా తన పేరు రాయించాడు.

ఆసుపత్రిలో నన్ను వరండా చివర గుమాస్తా వెంకునాయుడి బల్ల మీద పెట్టారు. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం పరీక్షలు చేసే చోటది. సోమవారం కాళ్లూ చేతులూ, మంగళవారం కళ్లు, బుధవారం చెవులు. ఏ వారమైనా పద్ధతి ఒక్కటే. వెంకునాయుడు మైకుని నోటికి ఆనించుకుని పేరు మూడుసార్లు పిలుస్తాడు. లేచి వచ్చినవాళ్లు లోపలికి. రానివాళ్ల పేరు పక్కన 'గైర్హాజరు'. చెవిటివాళ్లని కూడా నా చేతే పిలిపించేవారు. విసుక్కోవడానికి నాకు సొంత గొంతు లేదు.

అసిరయ్యని అలాంటి ఒక బుధవారమే చూశాను. జనపనార మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసిన మనిషి. ఆ మోతలోనే ఏళ్లు గడిచి చెవులు కొంచెం కొంచెంగా పనిచెయ్యడం మానేశాయి. తర్వాత మిల్లూ మూతపడింది. ఇప్పుడు పింఛను కావాలంటే చెవులు వినపడవని సర్టిఫికెట్టు ఉండాలి. అతను నా ఎదురుగా మొదటి బెంచీ మీదే కూర్చున్నాడు. నేను అతని పేరు మూడుసార్లు అరిచాను. అతను గోడ మీది పోలియో చుక్కల బొమ్మని శ్రద్ధగా చూస్తున్నాడు. మధ్యాహ్నం వరండా ఖాళీ అయ్యాక లేచి వచ్చి తన చీటీ చూపించాడు.

"పిలిచినప్పుడు ఎక్కడికెళ్లావు?" అన్నాడు వెంకునాయుడు. అసిరయ్య చీటీని ఇంకాస్త ముందుకు జరిపాడు. వెంకునాయుడు ఆ ప్రశ్నే మైకులో మళ్లీ అడిగాడు.

కొత్త తేదీ కోసం మళ్లీ వార్డు సచివాలయానికి వెళ్లి పేరు రాయించుకోవాలి. ఆ తేదీ వచ్చేసరికి ఎండలు పోయి వానలు పడ్డాయి. ఈసారి అసిరయ్య బల్లకి దగ్గరగా నిలబడ్డాడు. మగ్గాల మోతలో ఎవరి మాటా వినపడదు కాబట్టి, పెదాలు చూసి మాట పోల్చుకోవడం మిల్లువాళ్లందరికీ అలవాటే. అతను వెంకునాయుడి పెదాల మీదనుంచి చూపు తిప్పలేదు. కానీ ఆ పెదాలకి అడ్డంగా నా మైకు ఉంది. దాని వెనక అతని పేరు మూడుసార్లు వచ్చి పోయింది. అడుగు దూరంలో నిలబడ్డ మనిషికి మళ్లీ గైర్హాజరు పడింది.

ఆ తర్వాతి తేదీకి భార్య పోలమ్మ కూలి మానుకుని వెంట వచ్చింది. నేను "గొర్లె అసిరయ్య" అనగానే ఆమె మోచేత్తో పొడిచింది. అతను చటుక్కున లేచి వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు. ఇన్నాళ్లకి తన పేరు తనకి అందిందన్న సంతోషం అతని ముఖం నిండా ఉంది.

వెంకునాయుడు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఒక్క పిలుపుకే లేచొచ్చావు. చెవులు బాగానే ఉన్నాయిగా," అంటూ కాగితం మీద రాయబోయాడు.

"నాను పొడిస్తే లేసినాడు బాబూ," అంది పోలమ్మ. "ఆయనకేటి ఇనిపిస్తాది?"

"అందరూ అలాగే చెబుతారమ్మా. వినపడేవాణ్ణి లోపలికి పంపితే డాక్టరుగారు నన్ను తిడతారు."

"లేవకపోతే రానేదని రాసినారు. లేస్తే సెవులున్నాయని రాస్తన్నారు. ఏటి సెయ్యమంటారు మమ్మల్ని? సగం లేసి సగం కూకోమంటారా?"

వెంకునాయుడు చెడ్డవాడేం కాదు. పొద్దుట్నుంచీ పేర్లు పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయిన మనిషి. "పైనుంచి వచ్చిన పద్ధతమ్మా, నేనేం చెయ్యను," అని తర్వాతి పేరు పిలవడానికి మైకు ఎత్తాడు.

పోలమ్మ దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. నా పెట్టె మీది, శబ్దం పెంచే మీటని చివరిదాకా తిప్పి, మైకుని తెచ్చి పెట్టె మూతికి ఆనించింది. నేను పెట్టిన కూత అంతా ఇంతా కాదు. తోడు వచ్చినవాళ్లందరూ చెవులు మూసుకున్నారు. అటుగా పోతున్న నర్సు చేతిలోంచి ట్రే జారిపోయింది. కొద్దో గొప్పో వినపడేవాళ్లు ముఖాలు చిట్లించారు.

అసిరయ్య కదలలేదు. అందరూ ఎందుకలా అయిపోతున్నారో తెలియక వెనక్కి తిరిగి చూశాడు. బల్ల అదురుతున్నట్టు తోచిందేమో, చెయ్యి చాచి నా పెట్టె మీద వేశాడు. ఆ అదురు అరచేతికి తగలగానే అతని ముఖం విప్పారింది.

"మిల్లు నడుస్తన్నట్టుందే," అన్నాడు పోలమ్మతో.

ఆమె స్విచ్చి కట్టేసింది. అప్పటిదాకా పోట్లాడిన మనిషికి అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లోపల్నుంచి డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఎవరు చేశారీ పని అని అడగబోయి, పెట్టె మీద ఇంకా చెయ్యి ఉంచుకుని నవ్వుతున్న అసిరయ్యని చూసి ఆగిపోయింది. అతని భుజం తట్టి, వెంట రమ్మని సైగ చేసింది. లోపల మిషను పెట్టి, వినపడితే వేలు ఎత్తమని సైగ చేసి పరీక్షిస్తే, ఏ శబ్దానికీ అతను వేలు ఎత్తలేదట. సర్టిఫికెట్టు వచ్చింది. కొన్నాళ్లకి పింఛనూ మొదలైంది.

నా కూత మీద విచారణ జరిగింది. పై అధికారులు వచ్చి వరండాలో కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. బుధవారాల్లో గైర్హాజరు ఎందుకింత ఎక్కువగా ఉందని వెంకునాయుణ్ణి నిలదీశారు. పేరు పిలిస్తే పలకడం లేదండీ అని అతను ఉన్నమాటే చెప్పాడు. గోడ మీద నంబర్లు కనపడే బోర్డు పెట్టించమని డాక్టరమ్మ అడిగింది. దాన్ని ఏ పద్దు కింద కొనాలో ఎవరికీ తెలియలేదు. మైకులు కొనడానికైతే పద్దు ఉంది. అందుకని నా గొంతు చాలడం లేదని రాసుకుని, నాకు నాలుగింతలుండే కొత్త సెట్లు రెండు తెప్పించారు.

నన్ను స్టోరు గదిలో విరిగిన స్ట్రెచర్ల పక్కన పడేశారు. చీపుళ్ల కోసం వచ్చే ఆయాలు మాట్లాడుకుంటుంటే వింటుంటాను. కొత్త మైకులు బస్టాండు దాకా వినిపిస్తున్నాయట. లోపల ఎవరి వంతు వచ్చిందో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా చెప్పేస్తున్నారట. బుధవారం నాడు వరండాలో మాత్రం, ఎంత పిలిచినా ఎవరూ లేవడం లేదట.