నాలుగో మాస్కు

బీరమ్మ పట్టకారుతో కంప్యూటర్ బోర్డును పొయ్యి మీద తిప్పుతోంది. టంకం కరగగానే దాన్ని రాయికేసి కొడితే చిప్పులు రాలతాయి. ఘాటు పొగ నేరుగా ముఖానికే వస్తుంది. కొంగును ముక్కుకు అడ్డంగా బిగించుకుంటుంది. సాయంత్రం విప్పితే ముక్కు దగ్గర రెండు నల్లటి మచ్చలుంటాయి. ఏడేళ్లుగా అదే పని. వేళ్ల చివర్లు అరిగి నున్నబడ్డాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడదు. మొన్న చేవెళ్ల దవాఖానలో డాక్టరు, పొగకు దూరంగా ఉండకపోతే ఈ చలికాలం దాటడం కష్టమన్నాడు. దూరంగా ఉంటే ఏం తినాలో ఆయన రాసివ్వలేదు.

మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డు వీరేశంది. ఎరువుల దుకాణం ఎత్తేసి, భూమిని కాపాడే వ్యాపారంలో దిగాడు. బోర్డు మీద పచ్చటి ఆకు బొమ్మ వేయించాడు. అది తప్ప అక్కడ పచ్చనిదేమీ లేదు. పట్నం ఆఫీసులు పాత కంప్యూటర్లను ఇక్కడికి పంపి, బాధ్యతగా వదిలించుకున్నామని సర్టిఫికెట్ తీసుకుంటాయి. సర్టిఫికెట్‌కు ఫొటో కావాలి.

ఆ రోజు ఒక ఆఫీసు నుంచి స్వప్నిక మేడం వస్తోంది. పొయ్యిలు ఆర్పి రేకులు కప్పారు. వీరేశం బీరువా తెరిచి నాలుగు మాస్కులు, నాలుగు జతల గ్లౌజులు తీశాడు. మాస్కుకు రెండు చెంపల దగ్గరా గుండ్రటి డబ్బాలున్నాయి.

"పైలం. ఏదీ చింపొద్దు, గీతలు పడొద్దు."

మాస్కు పెట్టుకోగానే బీరమ్మకు ఊపిరి ఆగిపోయినట్టయింది.

"సేటూ, దీంట్ల గాలి ఆడుతలేదు."

"ఫొటో అయ్యేదాంక బిగవట్టు. సచ్చిపోవుగని."

"మంచి సామాను గట్లనే ఉంటదక్కా," అంది పక్కనున్న ప్రమీలమ్మ. "మన ముక్కులకు ఆనదు."

స్వప్నిక సెంటు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగింది. "ఇంత క్లీన్‌గా చేస్తున్నారు, గ్రేట్ అండీ," అంది రుమాలులోంచే. "ఆంటీ, కళ్లతో నవ్వండి." నలుగురు ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి కళ్లతో నవ్వారు. అయిదు నిమిషాల్లో భూమిని కాపాడి ఆమె కారెక్కింది.

వీరేశం ఆమెను గేటు దాకా సాగనంపుతుంటే బీరమ్మ తన మాస్కును కొంగు కింద దాచుకుంది. పొయ్యి రాజేశాక మళ్లీ పెట్టుకుంది. గాలి రాలేదు. తీసి తిరగేసింది. ఏ సామాను చేతికొచ్చినా ముందు పైపొర అంచును గోటితో వెతకడం ఆమెకు ఏడేళ్ల అలవాటు. డబ్బా అంచున గోరు ఆనింది. గాలి రంధ్రాలను మూసిన గుండ్రటి ప్లాస్టిక్ పొర చిరిగి లేచి వచ్చింది. రెండోదీ వచ్చింది.

పెట్టుకుంది. గాలి వచ్చింది. పొగ మధ్యే కూర్చున్నా వాసన తెలియలేదు. పదిహేడు బోర్డులు కాల్చింది, ఒక్కసారీ దగ్గలేదు.

"ఏందక్కా, దగ్గుతలేవు?" అంది ప్రమీలమ్మ.

"మూత తియ్యని బాటిల్ నోట్లె పెట్టుకొని దూప తీరలేదన్నట్టున్నది మన కత," అంది బీరమ్మ.

బీరువాలో ఒకటి తగ్గిందని వీరేశం వచ్చాడు. ఆమె ముఖం చూడలేదు. నేల మీది పొరలు చూశాడు.

"చింపినవా? వచ్చే నెల ఇంకో కంపెనీ వస్తది. వాడిందని కనిపెట్టరా?"

"ఇదొక్కటి నాకియ్యి సేటూ. డాక్టరు చెప్పిండు."

"నీకిస్తే అందరడుగుతరు. రేపటి సంది రాకు."

బీరమ్మ మాస్కు తీసి, లోపలి చెమటను కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. అంత మర్యాదకు అతను తగడు. కొంగు ముక్కుకు బిగించుకుని చిల్కూరు ఆటో ఎక్కింది. మర్నాడు ఆమె పొయ్యి దగ్గర ప్రమీలమ్మ కూర్చుంది.

బీరువాలో నాలుగు మాస్కులూ వరసగా వేలాడుతున్నాయి. నాలుగోదాని పొరలను వీరేశం తన చేత్తోనే సెల్లోటేపు పెట్టి, చుట్టూ ఎక్కడా గాలి చొరకుండా అతికించాడు.