పొద్దు మునగని సోమవారం

సంగనకల్లు శరణమ్మ లండన్‌కు బయలుదేరింది సోమవారం నాడు. చెల్లెలు అంబిక అక్కడ నర్సు. రెండుసార్లు కడుపు పోయి, ఇప్పుడు మూడోసారి తొమ్మిదో నెల. తల్లి లేదు కాబట్టి కాన్పుకు అక్కే వెళ్ళాలి. చెల్లెలికి నెల తప్పిందని తెలిసినప్పటి నుంచీ శరణమ్మ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటోంది. పొద్దు మునిగి, దీపం పెట్టాకే అన్నం ముట్టేది.

బెంగళూరు విమానాశ్రయం దాకా వచ్చిన మొగుడు హులిగప్ప ఫోన్ చూసి లెక్క చెప్పాడు.

“ఎనిమిది వేల కిలోమీటర్లంట. పదిన్నర గంటల పయనం. పదకొండుకి లేస్తాది గదా, ఏడింటికి పొద్దు మునుగుతానే ఇంత తిని పండుకో. లేసేలోగా లండన్ వస్తాది.”

ఆమెకూ అది సబబుగానే తోచింది.

చేతి గడియారంలో ఏడయింది, ఎనిమిదయింది. కిటికీలో ఎండ మండుతూనే ఉంది. శరణమ్మకు కళ్ళు తిరిగినట్టయి, పక్క సీటులోని పెద్దాయనను కన్నడంలో అడిగింది, పొద్దు ఎందుకు మునగడం లేదని.

“మనం పడమటికి పోతున్నాం తల్లీ. పొద్దు ఎటు పోతే మనమూ అటే. ఈ ఎండాకాలం లండన్‌లో తొమ్మిది దాటితే గానీ మునగదు. మన ఊరి లెక్కన అది రాత్రి ఒకటిన్నర” అన్నాడాయన.

శరణమ్మ నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుంది.

చెల్లెలి మొగుడు హంపేశ్ కారులో ఇంటికి తీసుకొచ్చేసరికి అక్కడి టైము ఏడు. అంబిక గుమ్మంలోనే ఉంది, నడుం మీద చేయి పెట్టుకుని. పళ్ళేలు వేసి ఉన్నాయి.

“రా అక్కా, తిందాం.”

“నువ్వు తినే. నాకింగా పొద్దుండాది.”

“ఊర్లో అందరూ పండుకోనుంటారు. నువ్వు యాడి పొద్దు కోసరం సూస్తాండావు?”

“ఇంగ రెండు గంటలే గదా. ఇన్ని నెలలుండి, కడాకొచ్చి చెడగొట్టుకోవల్లనా?”

అంబిక పళ్ళెం పక్కకు జరిపింది. “సరే. నేనూ అప్పుడే తింటా.”

“పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు వదినా. నువ్వొస్తే తింటానని కూచోనుండాది” అన్నాడు హంపేశ్.

శరణమ్మ చెల్లెలి వంక చూసింది. లోపల బిడ్డ తన్నినట్టుంది, అంబిక కడుపు పక్కన అరచెయ్యి ఆనించుకుంది. శరణమ్మకు తన మీదే కోపం వచ్చింది. కాళ్ళు కడుక్కుని, దేవుడి పటం ముందు దీపం పెట్టి, “సామీ, తప్పయితే నన్నే అడుగు, బిడ్డను కాదు” అని దండం పెట్టుకుంది. ఎండ సోఫా మీద పడుతుండగానే పప్పన్నం కలిపి, మొదటి ముద్ద చెల్లెలి నోట్లో పెట్టి, రెండోది తాను తింది.

గురువారం అంబికకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. శరణమ్మ హులిగప్పకు ఫోన్ చేసి ముందు ఆ సంగతి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, సోమవారం ఎండలోనే తిన్నానని చెప్పింది.

“తింటే తినింటివిలే. పాప ఎవరి పోలిక?” అన్నాడు హులిగప్ప.