పాలికిచ్చిన పెయ్య

అన్యాయం ఎవరికి జరిగింది? పెద్దకోడలికి. ఎవరు చేశారు? ఫ్యాక్టరీవారు సగం, సొంత తోటికోడలు సగం. ఎలా జరిగిందో తెలుసుకోవడానికి పంచాయితీ పెట్టనక్కరలేదు. ఆమె పశువుల కొట్టంలో నిలబడితే చాలు. గుంజలు రెండు, రెండూ ఖాళీ.

మొక్కజొన్నను పులియబెట్టి పెట్రోలులో కలిపే ఇంధనం తీసే ఫ్యాక్టరీ వచ్చాక, చుట్టుపక్కల చేలన్నీ దానికోసమే పండాయి. గింజ తొట్టెలకు పోయింది, చొప్ప బాయిలరుకు పోయింది. పశువులకు మిగిలింది ఏటిగట్టు బీడు ఒక్కటే. అది ఇద్దరు కోడళ్ల ఉమ్మడి మేత. కాగితం తన పేరున ఉన్నది కదా అని చిన్నకోడలు దాన్ని ఫ్యాక్టరీకి కౌలుకిచ్చింది. అక్కతో మాటమాత్రం అనలేదు. ఇప్పుడక్కడ మురుగు చెరువు. అటునుంచి గాలి వీస్తే ఆరేసిన బట్టలు కూడా పులిసిన కంపు కొడతాయి.

మేతకు బదులు ఫ్యాక్టరీవారు ఇంధనం తీయగా మిగిలిన మడ్డిని ఉచితంగా పంచారు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే జనం మడ్డిని వదులుతారా అని పాలకేంద్రం గుమాస్తా నవ్వాడు. మొదట్లో పాలు పెరిగాయి కూడా. పెద్దకోడలు పొదుపరి. జీవితమంతా తవుడు దాచినట్టే మడ్డినీ గోలెంలో మూతపెట్టి దాచింది. తవుడు నిలవుంటుంది, తడి మడ్డి ఉండదు. బూజు పట్టిన పైపొర తీసేసి అడుగుది పెట్టింది. ఒకదాని వెనుక ఒకటి, గేదెలు రెండూ పోయాయి. తాజాగా పెట్టమని ముందే చెప్పామన్నారు ఫ్యాక్టరీవారు. చెప్పలేదు.

ఆమె ఏడవలేదు. పాలు లేని క్యానును రోజూ కడిగి బోర్లించేది.

ఇక బతుకుకు దారి ఒక్కటే: పాత బాకీ. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, బిడ్డకు పాలు లేవంటే, పెద్దకోడలు ఈననున్న ఒక ఆవుపెయ్యను పాలికిచ్చింది. పెంచుకో, పాలు తాగు, మొదటి ఆడదూడ నాది అన్న ఒప్పందం. ఆడదూడలు పుట్టాయి, పెరిగాయి, ఈనాయి. బాకీ మాత్రం రేపటికి రేపుగానే నడిచింది. పెద్దకోడలు అడగడం మానలేదు, చిన్నకోడలు నవ్వి దాటవేయడం మానలేదు.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు చూలావును తోలుకుని వచ్చింది.

“అక్కా, నీ బాకీ.”

పెద్దకోడలు ఆవు డొక్కలను చూసింది. ఎముకలు లెక్కపెట్టవచ్చు.

“బాకీ తీర్చడానికి తెచ్చావా, మేపలేక తెచ్చావా?”

“రెండూనక్కా.”

“కూర్చున్న కొమ్మ నరుక్కున్నావు. ఆ కొమ్మ మీద నేనూ ఉన్నాను.”

“ఉన్నావక్కా. నిన్ను అడగకుండా ఇచ్చాను, తప్పే.”

“కడుపులో దూడ ఎవరిది?”

“నీదే. ఇన్నేళ్ల వడ్డీ అనుకో.”

ఈ క్షణంకోసం ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది పెద్దకోడలు. సంతోషం వస్తుందేమోనని ఆగింది. రాలేదు. కోపమూ రాలేదు. రేపటినుంచి రోడ్డువార గడ్డికి కొడవలి పట్టుకుని ఎంత దూరం పోవాలో, అదొక్కటే తోచింది.

ఆమె చేయి చాచి పలుపు అందుకుంది.

“ముట్టింది,” అంది.