ఆదివారం సాక్ష్యం

ఆదివారం పొద్దున మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ స్తుతి తన థీసిస్ ఐదో చాప్టర్‌లో ఆఖరి పేరాను మనసులో రాసుకుంటోంది. కాలర్ దగ్గర ఒక మంచి వాక్యం దొరికింది. చేతి మడత దగ్గరికొచ్చేసరికి అది కాస్తా జారిపోయింది. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది, బయట ముసురు పట్టింది. బుధవారం పదకొండు గంటలకు యూనివర్సిటీలో ఆమె ప్రీ-సబ్మిషన్ సెమినార్. ఆరేళ్ల రిజిస్ట్రేషన్‌కు ఈ నెలాఖరే గడువు. బుధవారం నలుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడకపోతే ఆరేళ్ల చదువూ చిత్తుకాగితాల కింద లెక్క.

"జర మంచిగ చెయ్యి స్తుతీ. ఇయ్యాల చర్చిల నా సాక్ష్యం ఉంది," అన్నాడు షాలేమ్‌రాజు గడ్డం గీసుకుంటూ.

"దేని గురించి?"

"అక్కడ వింటవు గద," అని అద్దంలోనే నవ్వాడు.

షాలేమ్‌రాజు చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పకపోతే అన్యాయం. తాగడు, చెయ్యెత్తడు, పినపాక దగ్గర బళ్లో టీచరు, పిల్లలకు అతనంటే ప్రాణం. "మా మిసెస్ పీహెచ్‌డీ చేస్తది" అని స్టాఫ్ రూములో చెప్పుకుంటాడు కూడా. చెప్పుకోవడానికి ఆ పీహెచ్‌డీ కావాలి, కూర్చుని చేసుకోవడానికి మాత్రం ఆమెకు ఒక గంట దొరకదు. లాప్‌టాప్ తెరిచిందంటే చాలు, "స్తుతీ, నా సాక్సులేవి?" ఆయన సాక్సులు పెళ్లయిన నాలుగేళ్లుగా ఒకే డ్రాయర్‌లో ఉన్నాయి. ఆయనకే ఇంకా ఆ డ్రాయర్ దొరకలేదు. అత్తగారు రిబ్కమ్మది ఇంకో బాధ. "పరీక్షల్లేని చదువేంది బిడ్డా? మరి ఎన్నడు పాసైతవ్?" అంటుంది. ముప్పై ఒక్కేళ్ల కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఏదో రాస్తది" అని చెప్పి, ఇంకేమీ అడగకముందే మాట మార్చేస్తుంది.

అయినా ఆ చదువులో స్తుతికి చిన్న చిన్న సుఖాలున్నాయి. బీరువా కింది అర మొత్తం ఆమెదే, అందులో ఎర్రమట్టి మరకల ఫీల్డ్ డైరీలు పదకొండు. నూట పన్నెండో పేజీ అంచున గైడ్ ప్రమీలారాణి మేడమ్ పచ్చ ఇంకుతో రాసిన "బాగుంది" అనే ఒక్క మాట. ఇక ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లినప్పుడు చర్ల బస్టాండులో కాగితం పొట్లంలో వేడి మిరపకాయ బజ్జీలు. అక్కడ ఎవరూ ఆమెను పిలవరు. అవి పూర్తిగా చల్లారకముందే తినగలగడం ఎంత పెద్ద సుఖమో ఇంట్లో వాళ్లకు చెప్పినా అర్థం కాదు.

చర్చి రేకుల మీద వాన దబదబా కొడుతోంది. ఆడవాళ్ల వైపు చాప మీద, కొంగు తలమీదికి లాక్కుని స్తుతి కూర్చుంది. వెనక గోడకానుకుని రిబ్కమ్మ కూర్చుంది. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, పాస్టర్ యోనా మైకు అందించగానే షాలేమ్‌రాజు లేచాడు. చొక్కా మీద ఒక్క ముడత లేదు.

"అందరికీ వందనాలు. నేను నలభై దినాలు ఉపవాసముండి ప్రార్థన చేసిన. మీకెవ్వరికీ చెప్పలె."

స్తుతికి తెలుసు. ట్రాన్స్‌ఫర్ కోసమేమో అనుకుంది. నలభై సాయంత్రాలు ఆయన ఉపవాసం విడిచే వేళకు జావ కాచింది, పండ్లు కోసిపెట్టింది, కళ్లు తిరుగుతాయేమోనని గుడ్డు ఉడకబెట్టి ఇచ్చింది.

"నా భార్య మనసు చదువు దిక్కు నుంచి ఇంటి దిక్కు మళ్లాలెనని నా మనవి," అన్నాడు షాలేమ్‌రాజు. "గురువారం మా ఇంట్ల ప్రార్థన కూడిక జరిగింది గదా, మీరందరు వచ్చిండ్రు. మీరు పోయినంక వంటింట్ల నా భార్య ఏడ్సుకుంట, 'ప్రభువా, నావల్ల కాదు, ఇంక మొయ్యలేను' అన్నది. ఈ చెవులతోటి విన్న. నాకు ఒళ్లు ఝల్లుమన్నది. ఆ చదువు బరువు ఆమె మీదికెల్లి దిగిపోయిందని సమజైంది. తెల్లారి వాళ్ల మేడమ్ ఫోన్ జేస్తే నేనే ఎత్తిన. మా మిసెస్ ఇంక చదవదు, బుధవారం రాదు అని చెప్పిన. సోమవారం పేరు తీసేస్తమన్నరు. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది చర్చి అంతా ఒక్క గొంతుతో.

పక్కనున్న పుష్పలతక్క స్తుతి వీపు నిమురుతూ, "ఎంత మంచిగ నడిపించిండు దేవుడు నిన్ను," అని కళ్లు తుడుచుకుంటోంది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. ఎవరి గురించి నవ్వుతున్నారు వీళ్లు? శుక్రవారం ఆరేసిన బట్టలు వానకు తడుస్తుంటే తీయడానికి పరిగెత్తింది. ఫోను కిటికీలో చార్జింగ్‌కు ఉంది. ఆ రెండు నిమిషాల్లో తన ఆరేళ్లు అయిపోయాయి! అయిపోయిన సంగతి తనకే తెలియదు. మధ్యలో రెండు రోజులు ఆయనకు దోసెలు వేసింది, లంచ్ బాక్సు కట్టింది, ఇందాక ఈ సాక్ష్యానికే చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. తనకు వ్యతిరేకంగా చేసిన ఉపవాసానికి తన చేత్తోనే జావ కాచి పోసింది. దేవుడా, ఇంత మోసమా? మోసం కూడా కాదే, ఆయన ముఖంలో చూడు ఎంత సంతోషమో. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు.

గురువారం గుర్తొచ్చింది. ముప్పై మందికి ఉప్మా, రెండు విడతల టీ. కూడిక జరిగినంతసేపూ పాటలు ఆమెకు వంటింటి గోడ అవతలి నుంచే వినిపించాయి. అందరూ వెళ్లాక సింకు నిండా గిన్నెలు. తోముతూ తోముతూ ఆ మాట అంది. అవును, అంది. పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్న అత్తగారు కూడా వింది, ఒక నిట్టూర్పు విడిచి ఇంకో గిన్నె అందుకుంది. మోచేతుల దాకా సబ్బు నురగతో ఉన్న ఆడది మోయలేనంటే, అది ఆ గిన్నెల గురించి అయి ఉండొచ్చని ఆ తలుపు దగ్గర నిలబడి విన్న మనిషికి తోచలేదు. ఇక్కడున్న ఇంతమందిలో ఎవ్వరికీ తోచలేదు.

ఫోను కోసం సంచిలో చెయ్యి పెడితే చింతగింజల మూట తగిలింది. ఆమె పరిశోధనంతా ఆ గింజలతోనే. చర్ల అవతలి అడవి ఊళ్లలో ఆడవాళ్ల ముందు ఇరవై నాలుగు గింజలు పోసి, గంటకొక గింజ చొప్పున రోజును కుప్పలు పెట్టమంటుంది. నీళ్లకో కుప్ప, పోడు సేద్యానికో కుప్ప, ఇప్పపువ్వు ఏరడానికో కుప్ప. ఒకరోజు అక్కడి ముత్తక్క తన కుప్పలు పెట్టేసి, "ఇగ నీయి బెట్టు బిడ్డా," అంది. స్తుతి నవ్వుతూ పెట్టింది. చదువు కుప్పలో రెండే గింజలు. ముత్తక్క వాటిని వేలితో కదిలించి, "ఇవి గూడ నిద్రలకెల్లి తీసినయే గదా," అంది. ఆ రోజు సిగ్గేసి గింజలన్నీ కలిపేసింది. డైరీలో ముత్తక్క రోజు రాసుకుంది గానీ తనది రాసుకోలేదు.

ఫోను తీసి బైబిలు చాటున పెట్టుకుంది. "మేడమ్, నేను స్తుతిని. చదువు మానలేదు. నా పేరు తీయొద్దు. బుధవారం వస్తున్నాను." సిగ్నల్ ఒక్క గీత ఉంది. మెసేజ్ కాసేపు అక్కడక్కడే తిరిగి, చివరికి వెళ్లింది.

"ఇంకెవరికన్న సాక్ష్యాలు గాని, ప్రార్థన మనవులు గాని ఉన్నయా?" ప్రతి ఆదివారం అడిగినట్టే అడిగాడు పాస్టర్ యోనా.

స్తుతి లేచింది. మైకు చేతికొచ్చాక రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ వందనాలు. గురువారం నేను ఆ మాట అన్న. మా ఆయన విన్నది నిజమే."

షాలేమ్‌రాజు తలూపాడు. నాలుగైదు స్తోత్రాలు వినిపించాయి.

"దేన్ని మొయ్యలేవని మాత్రం నన్ను అడగలె. అడిగితే చెప్పేదాన్ని. నేను మొయ్యలేనన్నది చదువును గాదు, ఇంటిని."

స్తోత్రాలు ఆగిపోయాయి. పుష్పలతక్క కాస్త పక్కకు జరిగింది. షాలేమ్‌రాజు, అచ్చం సాక్సులు దొరకనప్పటి ముఖంతో, ఆమెనే చూస్తున్నాడు.

"బుధవారం యూనివర్సిటీల నా సెమినార్ ఉంది. రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న. మేడంకు ఇప్పుడే చెప్పిన. నేను మళ్లొచ్చేదాంక ఇల్లు మా ఆయన మోస్తడు. ఆయనకు బలం ఇయ్యమని మీరందరు ప్రార్థన చెయ్యాలె. ఇదే నా మనవి."

మనవి చెప్పాక ఎవరో ఒకరు ఆమేన్ అనాలి. ఆ చర్చిలో అది ఎన్నడూ తప్పలేదు. పాస్టర్ యోనా బైబిలు పేజీలు తిప్పుతున్నాడు. మగవాళ్లు గడియారం వైపు చూస్తున్నారు. స్తుతి మైకు కింద పెట్టబోయింది.

"ఆమేన్!"

వెనక గోడ దగ్గర నుంచి వచ్చిందా కేక. అందరూ తిరిగి చూశారు. రిబ్కమ్మ కొడుకు వంకే చూస్తూ, నింపాదిగా కొంగు సర్దుకుంటోంది.