దురదకు వేసిన అంకెలు

మంగళవారం సాయంత్రం ఎనిమిది గంటలకు అతను తన ఒంటి దురదకు ఏడు వేశాడు.

పదికి ఏడు. ఆసుపత్రి పరిశోధన విభాగం ఇచ్చిన పుస్తకంలో అది మొదటి పేజీ. పేజీకి ఒకటే ప్రశ్న: గడిచిన ఇరవై నాలుగు గంటల్లో దురద మొత్తం మీద ఎంత? కింద సున్నా నుంచి పది దాకా గడులు. సున్నా అంటే అసలు లేదని. పది అంటే ఇంతకు మించి ఊహకు అందదని. ఏడు రోజులు, ఏడు పేజీలు, రోజూ ఎనిమిదింటికి. సగటు నాలుగో, అంతకంటే ఎక్కువో వస్తే కొత్త మందు పరీక్షలోకి తీసుకుంటారు. నాలుగుకు తగ్గితే తీసుకోరు. రెండోసారి ప్రయత్నించే వీలు లేదు.

అతని కిడ్నీలు పనిచేయడం మానేసి నాలుగేళ్లయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగు గంటల చొప్పున మిషను అతని రక్తాన్ని కడుగుతుంది. మిషను అన్నిటినీ కడగదు. మిగిలిపోయినదేదో చర్మంలో చేరి దురద పెడుతుందని డాక్టర్లు అంటారు. ఆ ఏదో ఏమిటన్నది వాళ్లకూ పూర్తిగా తెలియదు. పరిశోధన అందుకే.

అతని దురద వీపు మీద, రెండు రెక్కల మధ్య. పైనుంచి పోనిచ్చిన చెయ్యి, కిందనుంచి పోనిచ్చిన చెయ్యి, రెండూ అక్కడికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతాయి. మూడేళ్లుగా అతని నిద్ర గంటకో ముక్క. మూడో అంతస్తులో రెండు గదులు, చిన్న వంటిల్లు అతనివి. గదుల మధ్య గుమ్మానికి భుజం ఎత్తున జానెడు మేర రంగు పోయి చెక్క బయటపడింది.

ఇరవై ఆరేళ్లు అతను నీళ్ల మీటర్లు చదివాడు. రోజుకు నూట ఇరవై మీటర్లు. తోటివాళ్లలో కొందరు టీ కొట్టులో కూర్చుని పోయిన నెల అంకెకు పది కలిపి రాసేవారు. అతను మూత ఎత్తి, అద్దం తుడిచి, చూసి రాసేవాడు. మూత కింద తేలు కనబడిన రోజు తేలును పుల్లతో పక్కకు నెట్టి అంకె రాసుకున్నాడు.

పుస్తకం ఇచ్చింది సోమవారం. పరిశోధన నర్సు అతని కుర్చీ పక్కన స్టూలు వేసుకుని షరతులన్నీ చదివి వినిపించింది. ఎంపికైనవాళ్లలో సగం మందికి పన్నెండు వారాలు మందు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏదో ఎవరికీ చెప్పరు. పన్నెండు వారాలు దాటాక అందరికీ ఏడాదిపాటు అసలు మందే. ఈ లోపల కొత్త లోషను పూయకూడదు, కొత్త మాత్ర వేయకూడదు.

"సింపుల్‌గా చెప్పాలంటే బాబాయ్, ఇప్పటిదాకా ఎలా ఉన్నారో అలాగే ఉండండి" అంది.

"దానికేం, అలాగే ఉంటాను."

"ఇక్కడ ఇంకో ఫోన్ నంబరు కావాలి. మీరు దొరక్కపోతే ఎవరికి చెయ్యాలి?"

"దొరక్క ఎక్కడికి పోతానమ్మా? వారానికి మూడుసార్లు మీ సూదికే కట్టేసి ఉంటానుగా."

"గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు పోదు బాబాయ్."

అతను కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అక్క నంబరు రాశాడు. చూడకుండానే రాశాడు. ఆ నంబరుకు అతను ఫోన్ చేసి రెండేళ్లు దాటింది.

బుధవారం ఎనిమిది. ఆ రోజు మిషను దగ్గర పక్క కుర్చీలో ఉండే లారీ డ్రైవరు, కుర్చీకి వీపు ఆనించి అటూ ఇటూ జరుగుతున్న అతన్ని చూశాడు.

"ఏం మీటరూ, కుర్చీకి పాలిష్ పెడుతున్నావా?"

"నీ నోటికి పెడితే బాగుండు."

"పెళ్లి చేసుకోవయ్యా అని ఆనాడే ఎవరన్నా చెప్పుంటే గోకడానికో మనిషుండేది."

"మీ ఆవిడ గోకుతుందా?"

డ్రైవరు పైకప్పు వైపు చూశాడు. "పుట్టింటికి పోయి ఎనిమిది నెలలైంది" అన్నాడు. తర్వాత ఇద్దరూ టీవీ చూశారు. టీవీలో శబ్దం రావడం లేదు.

గురువారం సాయంత్రం అయిదింటికి ఎవరో తలుపు కొట్టారు. తెరిస్తే అక్క. చేతిలో బట్టల సంచి. మూడో అంతస్తు దాకా మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"బతికే ఉన్నావన్నమాట" అంది.

నంబరు పనిచేస్తుందో లేదో చూద్దామని నర్సు బుధవారం మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసింది. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానని, మీ తమ్ముడు మీ నంబరు ఇచ్చాడని చెప్పింది. ఆపైన అక్క వినలేదు. యూనిఫారాలు కుట్టే షాపులో ఆమె బొత్తాల పని చేస్తుంది. పది రోజులు సెలవడిగి, గురువారం ఉదయం బస్సెక్కింది. ఆరు గంటల ప్రయాణం.

అతను కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. మోచేతి దగ్గర సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరాన్ని చూసింది.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లు" అని ఆమె వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. "బావ పోయినప్పుడు రాలేదు. ఇందుకేనా?"

"ఆయన పోయింది బుధవారం."

"అయితే?"

"మిషను రోజు."

"గురువారం రావచ్చుగా."

గురువారం అతనికి మిషను లేదు. ఆ గురువారం అతను బస్టాండు దాకా వెళ్లి, ఒంటి నిండా రక్కుకున్న గీతలతో నలుగురిలో నిలబడలేక వెనక్కి వచ్చాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

ఆమె వంట చేసింది. ఉప్పెంత వేయాలని అడిగితే సగం చెంచా అన్నాడు. నీళ్లెన్ని తాగాలని అడిగితే సీసా చూపించాడు. ఏడున్నరకు అతను మాట మధ్యలో లేచి గుమ్మం దగ్గరకు పోయి వీపు ఆనించాడు. ఆమె ఆ చప్పుడు విని వంటింట్లోంచి తొంగి చూసింది. రంగు పోయిన చెక్కను చూసింది.

"ఒరేయ్, ఇటు రా. చొక్కా విప్పు."

"వద్దులే."

"చిన్నప్పుడు నీ ముడ్డి కడిగిన చేతులివి. సిగ్గు నా దగ్గరా? తిరుగు."

అతను తిరిగాడు. ఆమె గోళ్లతో మొదలుపెట్టలేదు. ముందు అరచేతితో రాసింది. తర్వాత వేళ్ల కణుపులతో. తర్వాత గోళ్లతో, పైనుంచి కిందకు, చర్మం లేవకుండా. అతను మంచం పట్టె పట్టుకుని తల వంచుకున్నాడు. ఆమె ఇరవై నిమిషాలు ఆపలేదు. ఎనిమిదింటికి లేచి అతను పుస్తకం తీశాడు. పగటి దురద ఏడు. ఏడే వేశాడు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు లేచాడు. మధ్యలో మెలకువ రాలేదు. మిషను దగ్గర కూడా నిద్రపోయాడు. డ్రైవరు నర్సును పిలిచి, మీటరు ఆగిపోయిందేమో చూడమ్మా అన్నాడు.

శుక్రవారం రెండు. శనివారం ఒకటి.

శనివారం ఒకటి వేశాక అతను పేజీ వెనక కూడాడు. ఏడు, ఎనిమిది, ఏడు, రెండు, ఒకటి. ఇరవై అయిదు. సగటు నాలుగు రావాలంటే మొత్తం ఇరవై ఎనిమిది కావాలి. ఇంకా రెండు రోజులున్నాయి. రోజుకు ఒకటి చొప్పున పడితే ఇరవై ఏడు.

ఆమె మంచం దగ్గరకు వచ్చి, చొక్కా విప్పమంది.

"ఇవాళ్టికి వద్దక్కా" అన్నాడు. "రేపూ ఎల్లుండీ కూడా."

"ఏం? నొప్పెట్టిందా?"

అతను పుస్తకం తెచ్చి చూపించాడు. లెక్క చెప్పాడు. ఆమె రెండుసార్లు విన్నది.

"మూడో నాలుగో వేసెయ్. నీ వీపులోకి దూరి చూస్తారా ఎవరన్నా?"

"చూడకుండా అంకె రాయడం నా వల్ల కాదు."

"మరి కావాలని దురద తెచ్చుకోవడం మోసం కాదా?"

"తెచ్చుకోవడం ఏముంది? అది ఉన్నదే."

ఆమె పుస్తకం మూసి అతని చేతికిచ్చింది. "నా చెయ్యి చాలదా?" అంది.

"నువ్వు వచ్చే ఆదివారం వెళ్లిపోతావుగా."

ఆ మాట నిజం. బొత్తాల పనికి పది రోజులు దాటితే ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఆదివారం పది గంటలకు దురద మొదలైంది. అతను లోపలి గదిలో, ఆమె బయటి గదిలో. ఆమె అతని చొక్కాలు ముందు వేసుకుని ఊడిన బొత్తాలు కుడుతోంది. గుమ్మం చప్పుడు మొదలైనప్పుడు సూది ఆపేది. చప్పుడు ఆగినప్పుడు మళ్లీ కుట్టేది. పదకొండుకు మూడు బొత్తాలు అయ్యాయి. పన్నెండు దాకా నాలుగోది కాలేదు.

ఆమె చొక్కాలు పక్కన పెట్టి పుస్తకం తీసింది. అట్ట లోపల షరతులు అచ్చువేసి ఉన్నాయి. వేలు పెట్టి చదివింది. తర్వాత లోపలి గదిలోకి వచ్చింది.

"మందు మొదలయ్యాక నేను గోకొచ్చా?"

అతను గుమ్మానికి ఆని నిలబడి ఉన్నాడు. కదలడం ఆపాడు.

"పన్నెండు వారాలు ఇలాగే అంకెలు వెయ్యాలిగా?" అంది. "నేను గోకితే, తగ్గింది మందుతోనో నా చేత్తోనో వాళ్లకెలా తెలుస్తుంది?"

"తెలీదు."

"నీకిది ముందే తెలుసు."

"నిన్న ఆలోచించాను."

"ఇప్పటిదాకా ఎలా ఉన్నారో అలాగే ఉండాలని రాశారు ఇక్కడ. ఇప్పటిదాకా ఉన్నట్టంటే నేను లేనట్టేగా?"

"నిన్ను వెళ్లమనలేదక్కా."

"అనలేదు" అంది. "నువ్వట్లా రుద్దుకుంటుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని వినడం నా వల్ల కాదురా. ఇంకో గంట ఉంటే వచ్చి చెయ్యి వేసేస్తాను. అప్పుడు నీ మందు పోతుంది."

"వారం మొత్తం ఉంటానన్నావు."

"మందు వద్దనుకో. ఉంటాను."

అతను నేల వైపు చూశాడు. వారం రోజులు ఆమె ఉంటుంది. ఆ తర్వాత ఉండదు. మందు ఉంటే ఏడాది ఉంటుంది, పనిచేస్తే. అతను లెక్కపెట్టుకునేంత సేపు ఆమె నిలబడింది. అతను తల ఎత్తలేదు.

"సరే" అని ఆమె సంచి సర్దుకుంది.

మూడింటి బస్సుకు అతను తోడు వెళ్లాడు. సంచి తను మోస్తానన్నాడు. సూదులు గుచ్చే చెయ్యి బరువు మోయకూడదంది. రెండో చేత్తో మోస్తానన్నాడు. ఇచ్చింది. బస్టాండులో ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. అతను బల్ల అంచుకు వీపు ఆనించి రెండుసార్లు కదిలాడు. ఆమె బస్సు వచ్చే వైపు తిరిగింది.

"గోళ్లు తీసుకుంటూ ఉండు" అంది. "రక్తాలు కారేట్టు రక్కుకోకు."

"సరే."

"అన్నం తిను."

"తింటాను."

"సరేలే, తిన్నావో లేదో అంకె వేసి పంపు" అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. బస్సు మూడూ అయిదుకు కదిలింది.

ఎనిమిదింటికి అతను ఆరు వేశాడు. మొత్తం ముప్ఫై ఒకటి. సోమవారం సున్నా పడినా సగటు నాలుగు దాటుతుంది.

తొమ్మిదీ నలభైకి ఫోన్ మోగింది. ఇంటికి చేరానని అక్క చెప్పింది.

"ఎంత వేశావు?"

"ఆరు."

"అయితే వచ్చినట్టేగా?"

"వచ్చినట్టే."

అటువైపు కుక్కర్ కూత వినిపించింది. ఉంటానని ఆమె పెట్టేసింది. అతను భోజనం చేసి, గిన్నె కడిగి, బయటి గదిలో మడతపెట్టి ఉన్న చొక్కాలు బీరువాలో పెట్టాడు. నాలుగో చొక్కాకు పై బొత్తం లేదు. దారం కట్టి ఉంది.

సోమవారం ఎనిమిది.

బుధవారం మిషను ఎక్కించాక నర్సు స్టూలు లాక్కుని కూర్చుని పుస్తకం తిరగేసింది. అంకెలు కంప్యూటరులోకి ఎక్కించింది. మొత్తం ముప్ఫై తొమ్మిది. సగటు అయిదూ పాయింట్ ఆరు.

"శుక్రవారం రెండు, శనివారం ఒకటి. ఇదేంటి బాబాయ్? కొత్త మాత్రేమైనా వేసుకున్నారా?"

"లేదు."

"లోషను?"

"లేదు. మా అక్క వచ్చింది. వీపు గోకింది."

నర్సు తెర మీద పైకీ కిందకీ చూసింది.

"మందయితే పేరు రాయొచ్చు. అక్కకి గడి లేదు బాబాయ్."

"వదిలెయ్ అమ్మా."

"ఇంకా ఉన్నారా ఆవిడ?"

"వెళ్లిపోయింది."

"మంచిది. లేకపోతే ఫోన్ చేసి డాక్టరుగారిని అడగాల్సొచ్చేది" అని నర్సు, కొత్త మందులు లేవు అన్నచోట టిక్కు పెట్టింది.

పక్క కుర్చీలో డ్రైవరు తల తిప్పి చూశాడు.

పదకొండూ ఇరవైకి, మిషను ఆపే ముందు, అతనికి మొదటి ఇంజెక్షను ఇచ్చారు. సీసా మీద పేరు లేదు, నంబరే ఉంది. అందులో ఉన్నది మందో ఉప్పునీళ్లో నర్సుకు తెలియదు. అతనికీ తెలియదు. ఆ సాయంత్రం ఎనిమిదింటికి అతను ఎనిమిది వేశాడు.